వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే తల ఎందుకు తిరుగుతుంది? ప్లేస్టేషన్ వీఆర్2 ఎలా పనిచేస్తుందో వివరంగా తెలుసుకుందాం

పోయిన సంక్రాంతికి తిరుపతి వెళ్తూ నా పీఎస్5, దానితో పాటు ప్లేస్టేషన్ వీఆర్2 హెడ్‌సెట్ కూడా బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. నాన్నకి చూపించాలని నా ఆశ. నాన్న రిటైర్ అయిన బస్సు డ్రైవర్. తిరుమల ఘాట్ రోడ్డు మీద చాలా ఏళ్ళు బస్సు నడిపారు.

ఆత్రంలో నేను చేసిన తప్పేంటంటే, ఆయన్ని హాల్ మధ్యలో నిలబెట్టి, హెడ్‌సెట్ తగిలించి, ట్రాలీలో కూర్చుని కొండ దిగే గేమ్ ఒకటి పెట్టేశాను. "చూడు నాన్నా, భలే ఉంటుంది" అన్నాను. ట్రాలీ మొదటి మలుపు తిరిగిందో లేదో ఆయన ముందుకు తూలిపోయారు. అమ్మ పట్టుకోకపోతే టీవీ స్టాండ్ మీద పడేవారే. హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టి, సోఫాలో కూర్చుని పది నిమిషాలు కళ్ళు తెరవలేదు. తర్వాత ఒకటే మాట అడిగారు. "ఇన్నేళ్ళు ఘాట్‌లో బస్సు తోలినా ఒక్క రోజు తల తిరగలా. ఇదేందిరా ఒక్క నిమిషంలో ఇట్లా తిప్పేసింది?"

నా దగ్గర సమాధానం లేదు. బీటెక్ చదివాను, రోజూ కోడ్ రాస్తాను, ఆ హెడ్‌సెట్ స్పెసిఫికేషన్స్ అన్నీ నోటికి వచ్చు. కానీ ఆ అంకెలు ఎందుకు అలా ఉన్నాయో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక కూర్చుని చదివితే అర్థమైంది. ఆ అంకెల్లో చాలా వరకు నాన్న అడిగిన ప్రశ్న కోసమే ఉన్నాయి. హెడ్‌సెట్‌కి పెట్టే డబ్బులో పెద్ద భాగం మన తల తిరగకుండా చూడటానికే పోతుంది. ఈ ఆర్టికల్‌లో అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం. కొనాలనుకునే వాళ్ళకీ, కొని అటక మీద పెట్టేసిన వాళ్ళకీ ఇద్దరికీ పనికొస్తుంది.

1. కన్ను ఒకటి చెబుతుంది, చెవి ఇంకొకటి చెబుతుంది

మన లోపలి చెవిలో వినడానికి సంబంధం లేని ఒక భాగం ఉంటుంది. మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, వాటిలో ద్రవం. తల ఏ వైపు తిరిగితే ఆ వైపు గొట్టంలోని ద్రవం కదిలి, మెదడుకి కబురు వెళ్తుంది. వాటి పక్కనే ఇంకో రెండు చిన్న సంచుల్లాంటి భాగాలుంటాయి. మనం ముందుకి, వెనక్కి, పైకి, కిందికి కదులుతున్నామా, తల ఒక పక్కకి వంగిందా అనేది అవి చెబుతాయి. ఒక రకంగా ఇది పుట్టుకతో వచ్చిన మోషన్ సెన్సార్ అన్నమాట. మన ఫోన్‌లో ఉండే గైరోస్కోప్, యాక్సెలరోమీటర్ చేసేది కూడా ఇదే పని.

మామూలుగా కన్ను చెప్పేదీ, చెవి చెప్పేదీ ఒకటే అవుతుంది. రెండూ వేరైతే మెదడు తికమకపడుతుంది. తల తిరగడం, చెమట, వికారం అక్కడి నుంచే మొదలవుతాయి. దీన్ని ఇంద్రియాల మధ్య వైరుధ్యం అనే సిద్ధాంతంగా జేమ్స్ రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు 1975లో వచ్చిన తమ పుస్తకంలో వివరించారు. ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ అదే.

కొండకి వెళ్ళే బస్సునే తీసుకుందాం. ఫోన్ చూస్తూ కూర్చున్నవాడికి ఐదారు మలుపులు తిరిగేసరికి నిమ్మకాయ కావాల్సి వస్తుంది. ఎందుకంటే చెవి "తిరుగుతున్నాం" అంటుంది, ఫోన్ మీదున్న కన్ను "కదలట్లేదు" అంటుంది. అదే బస్సులో డ్రైవర్‌కి ఏమీ కాదు. ఆయన కన్ను రోడ్డు మీద ఉంటుంది. పైగా స్టీరింగ్ తిప్పేది ఆయనే కాబట్టి మలుపు రాబోతోందని మెదడుకి ముందే తెలుసు.

వీఆర్‌లో ఇది తలకిందులవుతుంది. కన్ను "కొండ దిగుతున్నాం" అంటుంది, చెవి "హాల్లో నిలబడి ఉన్నాం" అంటుంది. నేను చేసిన పని ఏంటో ఇప్పుడు చూడండి. జీవితమంతా డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషిని తీసుకెళ్ళి, స్టీరింగ్ లేని ట్రాలీలో ప్యాసింజర్‌ని చేశాను.

2. తల తిప్పితే బొమ్మ వెంటనే తిరగాలి

హెడ్‌సెట్ ముందున్న మొదటి పరీక్ష ఇది. మీరు తల ఎడమకి తిప్పారనుకోండి. చెవికి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. కళ్ళ ముందున్న బొమ్మ కూడా అంతే వేగంగా మారాలి. తల కదిలిన క్షణం నుంచి దానికి తగ్గ వెలుగు కంట్లో పడే వరకు పట్టే సమయం సుమారు 20 మిల్లీసెకన్ల లోపు ఉండాలనేది వీఆర్ ఇంజినీర్లు పెట్టుకున్న లెక్క. అంటే సెకనులో యాభయ్యో వంతు.

ఈ లోపల హెడ్‌సెట్ చేయాల్సినవి చాలా ఉన్నాయి. తల ఎక్కడుందో కనిపెట్టాలి, కన్సోల్‌కి చెప్పాలి, కన్సోల్ బొమ్మ గీయాలి, అది స్క్రీన్ మీదకి రావాలి.

తల ఎక్కడుందో కనిపెట్టడానికి రెండు రకాల సెన్సార్లు కలిసి పనిచేస్తాయి. మొదటివి గైరోస్కోప్, యాక్సెలరోమీటర్. ఇవి చాలా వేగం, కానీ చిన్న చిన్న తప్పులు పోగవుతాయి. కళ్ళు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ వంటగదిలోకి వెళ్ళడం లాంటిది. నాలుగడుగుల వరకు పర్వాలేదు, తర్వాత తలుపు ఎక్కడుందో తేడా వస్తుంది. మధ్యమధ్యలో కళ్ళు తెరిచి సరిచూసుకోవాలి. ఆ కళ్ళే కెమెరాలు.

2016 అక్టోబర్‌లో వచ్చిన మొదటి పీఎస్ వీఆర్‌లో కెమెరా హెడ్‌సెట్‌లో ఉండేది కాదు. టీవీ దగ్గర పెట్టిన ప్లేస్టేషన్ కెమెరా, హెడ్‌సెట్ మీద వెలిగే తొమ్మిది లైట్లను చూసి తల స్థానం లెక్కకట్టేది. కంట్రోలర్ మీ శరీరం చాటుకి వెళ్తే కెమెరాకి కనపడేది కాదు, గేమ్‌లో మీ చెయ్యి గాలిలో వణికేది. 2023 ఫిబ్రవరి 22న వచ్చిన వీఆర్2లో నాలుగు కెమెరాలు హెడ్‌సెట్‌లోనే ఉన్నాయి. అవి బయటికి చూసి మీ గది గోడలు, టేబుల్, తలుపు ఆధారంగా తల స్థానాన్ని లెక్కకడతాయి. బయట కెమెరా అక్కర్లేదు, విడిగా ప్రాసెసర్ బాక్స్ లేదు. 4.5 మీటర్ల యూఎస్‌బీ సీ కేబుల్ ఒకటే.

మనకి పనికొచ్చే విషయం ఏంటంటే, ఈ కెమెరాలకి వెలుతురు కావాలి. సినిమా చూసినట్టు లైట్లు ఆర్పేసి ఆడితే ట్రాకింగ్ తడబడుతుంది, దాంతో బొమ్మ వణుకుతుంది, దాంతో తల తిరుగుతుంది. గదిలో ట్యూబ్‌లైట్ వేసే ఆడండి. పెద్ద అద్దం ఎదురుగా ఉంటే గుడ్డ కప్పండి, ప్రతిబింబం కూడా కెమెరాని పక్కదారి పట్టిస్తుంది.

3. 90, 120 హెర్ట్జ్ గొప్ప కోసం కాదు

ఫోన్‌లో 120 హెర్ట్జ్ అంటే స్క్రోలింగ్ మెత్తగా ఉంటుంది, అంతే. లేకపోయినా బతికేస్తాం. వీఆర్‌లో అలా కాదు. 60 హెర్ట్జ్ అయితే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. మనకున్న 20లో దాదాపు మొత్తం దానికే పోతుంది. 90 అయితే 11.1, 120 అయితే 8.3. అందుకే వీఆర్2 స్క్రీన్ 90 లేదా 120 హెర్ట్జ్‌లో నడుస్తుంది.

మరి గేమ్ సెకనుకి 120 బొమ్మలు గీయలేకపోతే? ఇక్కడ రీప్రొజెక్షన్ అనే కిటుకు ఉంది. గేమ్ 60 బొమ్మలే గీస్తుంది. ఒక్కో బొమ్మకీ మధ్యలో, పాత బొమ్మనే తీసుకుని, మీ తల తాజాగా ఎటు తిరిగి ఉందో దానికి తగ్గట్టు కొంచెం జరిపి చూపిస్తారు. తల కదలికకి సంబంధించినంత వరకు మెదడుకి తేడా తెలియదు. కానీ గేమ్‌లో పక్క నుంచి వేగంగా పోయే వస్తువుల అంచులు రెండుగా కనిపిస్తాయి. రేసింగ్ గేమ్‌లో మీకు అలా కనిపిస్తే హెడ్‌సెట్ పాడైందని కంగారు పడకండి, కారణం ఇదే. మొదటి పీఎస్ వీఆర్ రోజుల నుంచే వీఆర్ గేమ్ 60 ఫ్రేమ్స్ కంటే కిందికి పడకూడదని సోనీ డెవలపర్లకి గట్టిగా చెబుతూ వచ్చింది. టీవీలో 30 ఫ్రేమ్స్ గేమ్ ఆడితే కాస్త చిరాకు, వీఆర్‌లో ఆడితే కడుపులో తిప్పుతుంది.

ఇంకో చిన్న విషయం. ప్రతి ఫ్రేమ్‌లోనూ ఓఎల్ఈడీ స్క్రీన్ మొత్తం సమయం వెలిగి ఉండదు. కాసేపు వెలిగి ఆరిపోతుంది. వెలిగే ఉంటే తల తిప్పినప్పుడు బొమ్మ పులుముకున్నట్టు కనిపిస్తుంది. నేనైతే బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించి ఆడతాను. నా కళ్ళకి ఆ మసక తగ్గినట్టు అనిపించింది.

4. ఎనభై లక్షల పిక్సెల్స్, కానీ అన్నీ గీయక్కర్లేదు

వీఆర్2లో ఒక్కో కంటికి 2000 × 2040 పిక్సెల్స్. రెండు కళ్ళకీ కలిపితే సుమారు 81.6 లక్షలు. 4కే టీవీలో ఉండేవి 83 లక్షలు. అంటే దాదాపు ఒక 4కే స్క్రీన్‌ని సెకనుకి 90 సార్లకి పైగా నింపాలి. పాత పీఎస్ వీఆర్‌లో మొత్తం 20.7 లక్షలే ఉండేవి.

ఇన్ని ఉన్నా ఫోన్ అంత షార్ప్‌గా ఎందుకు ఉండదు? ఎందుకంటే ఆ 2000 పిక్సెల్స్ సుమారు 110 డిగ్రీల చూపు మీద పరుచుకుంటాయి. డిగ్రీకి 18 దాకా వస్తాయని ఒక ముతక లెక్క. చూపు బాగున్న కన్ను డిగ్రీకి 60 వరకు వేరు చేయగలదు. కాబట్టి గేమ్‌లో చిన్న అక్షరాలు కొంచెం గరుకుగా కనిపించడం సహజం.

ఇక్కడ సోనీ వాడిన ఉపాయం నాకు బాగా నచ్చింది. మన కంట్లో బాగా స్పష్టంగా చూసే భాగం చాలా చిన్నది, రెండు డిగ్రీల దగ్గర. చెయ్యి చాపి బొటనవేలి గోరు చూస్తే ఎంత ఉంటుందో దాదాపు అంతే. మిగతాదంతా మసకే, కళ్ళు గబగబా కదులుతూ ఉంటాయి కాబట్టి మనకి తెలియదు. వీఆర్2లో ఒక్కో కంటికి ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంది. మీరు ఎటు చూస్తున్నారో అది కనిపెడుతుంది. గేమ్ ఆ చోటు మాత్రమే పూర్తి నాణ్యతతో గీసి, మిగతాది తక్కువలో లాగించేస్తుంది. దీన్నే ఫోవియేటెడ్ రెండరింగ్ అంటారు. 2022 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో యూనిటీ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం, కంటి ట్రాకింగ్‌తో కలిపితే గ్రాఫిక్స్ పని 3.6 రెట్ల వరకు వేగంగా అవుతుంది. అలా మిగిలిన సమయం ఫ్రేమ్స్ పడిపోకుండా చూడటానికి పనికొస్తుంది. అంటే కంటి ట్రాకింగ్ కూడా చివరికి నాన్న ప్రశ్న దగ్గరికే వచ్చింది.

5. లెన్స్ సరిగ్గా కుదరకపోతే అన్నీ వృథా

రెండు కంటిపాపల మధ్య దూరాన్ని ఐపీడీ అంటారు. పెద్దవాళ్ళలో సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కానీ మనిషికీ మనిషికీ తేడా. హెడ్‌సెట్ లెన్సుల మధ్య దూరం మీ ఐపీడీకి సరిపోకపోతే కళ్ళు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. వీఆర్2 మీద దీనికోసం ఒక డయల్ ఉంది. సెటప్‌లో హెడ్‌సెట్ మీ కళ్ళని చూసి, డయల్ ఎంత తిప్పాలో స్క్రీన్ మీద చూపిస్తుంది. సంక్రాంతి రోజు నేను నా కొలతతోనే నాన్నకి తగిలించేశాను. ఆ ట్రాలీకి తోడు ఇదొకటి.

వీఆర్2లో ఫ్రెనెల్ లెన్సులు వాడారు. పలచగా, పైన గుండ్రటి గీతలతో ఉంటాయి. వీటిలో బాగా స్పష్టంగా కనిపించే చోటు మధ్యలో కొంచెమే. హెడ్‌సెట్ రెండు మిల్లీమీటర్లు పైకీ కిందికీ జరిగినా మసకబారుతుంది. కాబట్టి ముందు ముఖానికి పెట్టుకుని, వెనక పట్టీని తల వెనక భాగంలో కాస్త కిందికి దించి, తర్వాతే బిగించండి. కళ్ళజోడు పెట్టుకునే వాళ్ళు హెడ్‌సెట్ ముందు భాగాన్ని బటన్ నొక్కి ముందుకి లాగి, కళ్ళజోడుతోనే పెట్టుకోవచ్చు. అద్దాలు లెన్సుకి రాసుకోకుండా చూసుకోండి, గీత పడితే పోదు. హెడ్‌సెట్ లెన్సుల మీద సూర్యుడి వెలుగు కూడా పడనివ్వకండి. కిటికీ పక్కన పెట్టి వదిలేస్తే భూతద్దంలా పనిచేసి లోపలి స్క్రీన్‌ని కాల్చేస్తుంది.

6. హార్డ్‌వేర్ వల్ల కానిది ఒకటుంది

ఇప్పటివరకు చూసినవన్నీ తల కదలిక గురించి. మీరు నిజంగా తల తిప్పితే హెడ్‌సెట్ దాన్ని చక్కగా పట్టుకుంటుంది. కానీ గేమ్‌లో మీ పాత్ర పరుగెత్తినప్పుడు, కారు మలుపు తిరిగినప్పుడు మీ ఒళ్ళు కదలదు. ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా చెవిలోని ద్రవాన్ని కదిలించలేదు. కాబట్టి ఏ గేమ్ ఆడుతున్నారన్నది హెడ్‌సెట్ కంటే ముఖ్యం.

మొదటి వారం మీరు నిలబడిన చోటే ఉండే గేమ్స్ ఆడండి. బీట్ సేబర్, టెట్రిస్ ఎఫెక్ట్ కనెక్టెడ్ ఇలాంటివి. మాస్ బుక్ 2 కూడా మంచిది. అందులో మీరు కూర్చుని ఉంటారు, మీ ముందు బొమ్మల కొలువులా ఒక లోకం, అందులో చిన్న ఎలుక తిరుగుతూ ఉంటుంది.

తర్వాత నడిచే గేమ్స్. వీటిలో చాలావాటికి కంఫర్ట్ సెట్టింగ్స్ ఉంటాయి. పక్కకి తిరిగేటప్పుడు మెల్లగా కాకుండా ఒక్కసారిగా కొన్ని డిగ్రీలు తిరిగే స్నాప్ టర్న్, కదిలేటప్పుడు చూపు అంచులని చీకటి చేసే విన్యెట్ ఆన్ చేసుకోండి. అంచుల్లో కదలిక కనిపించకపోతే మెదడు తక్కువగా మోసపోతుంది. హొరైజన్ కాల్ ఆఫ్ ది మౌంటెన్‌లో చేతులు ఊపుతూ నడిచే పద్ధతి ఉంది. ఒంటికి కూడా కొంచెం పని తగులుతుంది కాబట్టి వికారం తగ్గుతుంది.

రేసింగ్ చివర్లో. గ్రాన్ టూరిస్మో 7 లాంటివి ఎంత బాగున్నా మొదటి రోజుకి కాదు.

వికారం మొదలవగానే ఆపేయండి. "ఇంకో ఐదు నిమిషాలు తట్టుకుంటే అలవాటవుతుంది" అని పళ్ళు బిగించి ఆడకండి. నేను అలా చేసి ఒక సాయంత్రం అంతా మంచం మీదే ఉన్నాను. రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచితేనే చాలామందికి అలవాటవుతుంది. ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టుకుంటే గాలి ఎటు నుంచి వస్తోందో తెలుస్తూ ఉంటుంది, ఒంటికి దిక్కు గుర్తుంటుంది.

7. నాన్నతో రెండోసారి

ఉగాదికి మళ్ళీ తీసుకెళ్ళాను. నాన్న చూడగానే "మళ్ళీ ఎందుకు తెచ్చినావురా దాన్ని" అన్నారు. ఈసారి కుర్చీ వేశాను. ముందు ఐపీడీ సరిచేశాను. కళ్ళజోడుతోనే పెట్టించాను. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, ఎలుక గేమ్ పెట్టాను. అమ్మ భుజం మీద చెయ్యి వేసి పక్కనే నిలబడింది, ఈసారి పడనిచ్చేది లేదన్నట్టు. పది నిమిషాలు ఏ ఇబ్బందీ లేదు. వంగి వంగి చూస్తున్నారు, ఎలుకతో మాట్లాడుతున్నారు కూడా.

మరుసటి రోజు ఆయనే అడిగారు, బండి తోలే గేమ్ లేదా అని. నేను వద్దన్నాను, వినలేదు. కారు రేసింగ్ పెట్టాను. రెండు రౌండ్లు మెల్లగా తిప్పారు. మలుపుల్లో బాగానే ఉన్నారు, బ్రేక్ వేసిన ప్రతిసారీ మాత్రం కుర్చీ గట్టిగా పట్టుకుంటున్నారు. ఆపేసి హెడ్‌సెట్ తీసి చెప్పారు. "బ్రేక్ ఏస్తే ఒళ్ళు ముందుకి రావాల. ఇక్కడ కంటికి బ్రేక్ పడతా ఉంది, ఒంటికి పడలా. దానికే కడుపులో తేడాగా ఉంది."

నేను రెండు నెలలు చదివి తెలుసుకున్నది ఆయన రెండు రౌండ్లలో చెప్పేశారు.

8. కొనే ముందు ఇవి చూసుకోండి

వీఆర్2కి పీఎస్5 తప్పనిసరి, పీఎస్4తో పనిచేయదు. మొదటి పీఎస్ వీఆర్ కోసం కొన్న గేమ్స్ దీనిలో నేరుగా ఆడవు. ఆ గేమ్‌కి విడిగా వీఆర్2 వెర్షన్ ఉందో లేదో చూసుకోండి. 2023లో 549.99 డాలర్లకి వచ్చింది, 2025 మార్చిలో సోనీ దాన్ని 399.99కి తగ్గించింది. 2024 ఆగస్టు నుంచి అడాప్టర్‌తో పీసీకి కూడా కలపొచ్చు. కానీ పీసీలో కంటి ట్రాకింగ్, హెచ్‌డీఆర్, హెడ్‌సెట్ వైబ్రేషన్ పనిచేయవు.

కూర్చుని లేదా నిలబడి ఆడటానికి ఒక మీటర్ పొడవు, ఒక మీటర్ వెడల్పు చోటు చాలు. నడుస్తూ ఆడాలంటే కనీసం రెండు మీటర్లు, రెండు మీటర్లు ఉండాలి. మన ఇళ్ళలో ఇంకొకటి మర్చిపోకండి, నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్. పొడుగ్గా ఉండి చేతులు పైకెత్తే గేమ్ ఆడేవాళ్ళు ఫ్యాన్ కింద నిలబడొద్దు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వొద్దని సోనీయే చెబుతోంది.

చివరిగా ఒక మాట. హెడ్‌సెట్ కొన్నాక మనందరం చేసే మొదటి పని ఇంట్లో వాళ్ళకి చూపించడం. అప్పుడు మీకు నచ్చిన గేమ్ కాకుండా, వాళ్ళకి పడే గేమ్ పెట్టండి. ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టండి, లెన్స్ సరిచేయండి, పది నిమిషాలకి మీరే ఆపేయండి. మొదటి రోజు తల తిరిగితే మళ్ళీ పెట్టుకోమని ఒప్పించడం చాలా కష్టం. నాకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా పట్టింది.